చెయ్యి కలపని ఆదివారం

అహ్లోన్, యాంగోన్
జూన్ 3, మంగళవారం

సుధామణికి,

మొన్న ఆదివారం పదకొండు గంటల ఏడు నిమిషాలకి మన కూటంలో ఒక అన్యాయం జరిగింది. చేసింది నువ్వు.

"గారు" రాయలేదని నొచ్చుకోకు. బర్మావాళ్ళలా "డా" కూడా తగిలించను. ఈ ఊళ్ళో పేరుకి ముందు ఉ, డా, కో, మా అని ఏదో ఒకటి చేర్చకపోతే టీకొట్టువాడు కూడా తల తిప్పడని నాకు తెలుసు. కానీ మనం క్వేకర్లం, మౌనమే ఆరాధనగా పెట్టుకున్న క్రైస్తవులం. మనిషికీ మనిషికీ మధ్య బిరుదులు వద్దని మన క్వేకర్ల మూడో కరపత్రం, ఆరో పేజీలో స్పష్టంగా ఉంది. నాకంటే నలభై ఎనిమిదేళ్ళు పెద్దదానివైనా, చిన్నప్పుడు వేసవి బడిలో నా చెయ్యి పట్టుకుని అ, ఆ దిద్దించినదానివైనా, నువ్వు నువ్వే.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నీకు తెలియదని కాదు. రేపు ఈ ఉత్తరం ఎవరి చేతిలోనైనా పడితే వాళ్ళకి అర్థం కావాలి.

మన కూటంలో నలుగురం. నువ్వు, నేను, అరటిపళ్ళ తులసమ్మ, రేవులో క్రేను నడిపి రిటైరైన లింగరాజు. మనకి గురువు లేడు, పాస్టరు లేడు, పాటలు లేవు, పూజ లేదు. ఉన్నదల్లా క్లర్కు. అది నువ్వు. ఆదివారం పదింటికి నాలుగు బెంచీల మీద నోరు మూసుకుని కూచుంటాం. లోపలి వెలుగు ఎవరిని మాట్లాడమంటే వాళ్ళు లేచి మాట్లాడతారు. గంటయ్యాక నువ్వు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటావు, వాళ్ళు తర్వాతివాళ్ళది. నాలుగు చేతులూ కలిస్తే కూటం ముగిసినట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా కూటం జరిగేది చంద్రరావు ఎండుమిరపకాయల గోదాం మీద ఉన్న చెక్కమేడ గదిలో. ఆ గది జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని మే నెల చివరి ఆదివారం ఒక్క ముక్క చెప్పి కూచున్నావు. ఎందుకు అంటే చెప్పవు. "మౌనంగా ఆలోచిద్దాం" అన్నావు. ఆలోచించాను. చంద్రరావు అక్కడ కరవోకీ పాటల హాలు పెట్టబోతున్నాడు! ఇంకెందుకు ఖాళీ చేయిస్తాడు?

అందుకే మొన్న లోపలి వెలుగు నన్ను లేపింది. ఇరవై రెండంటే ఇరవై రెండే నిమిషాలు మాట్లాడాను. "ఈ గదిలోకి ఎవడొచ్చినా నా శవం మీంచే రావాలి" అన్నాను. అహింసాయుతంగానే అన్నాను. మడమతో నేలని తన్నిన మాట నిజమే, ఓ నాలుగుసార్లు. పాత టేకు చెక్కలు కాబట్టి కాస్త మోగాయి. సరిగ్గా "చంద్రరావూ, నీ..." అనేటప్పటికి నువ్వు తులసమ్మ చెయ్యి పట్టుకున్నావు. తులసమ్మ లింగరాజుది. లింగరాజు నాది. అలవాటుకొద్దీ నేను చెయ్యి ఇచ్చేశాను! నా వాక్యం సగంలో ఉండగా, నా చేత్తోనే నా నోరు మూయించావు. ఇంతకంటే కుట్ర ఉంటుందా?

జవాబు కావాలి.

శాంతితో, పళ్ళు బిగించి,
సూరి

తా.క.: మన కూటంలో తగాదా ఫోనులో వద్దు, ఉత్తరం రాసి ఒక రాత్రి తలగడ కింద పెట్టుకుని, పొద్దున్న చదువుకుని పంపాలి అన్నది నీ నియమం. పాటించాను. పొద్దున్న చదివితే మరీ మెత్తగా ఉందనిపించి ఇంకో పేజీ కలిపాను.

ఇంకో తా.క.: పాన్‌సొడాన్ వీధి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కొన్న నా నాలుగో కరపత్రంలో చివరి పేజీ లేదు. "తీవ్రమైన కోపం వచ్చినప్పుడు స్నేహితుడు మొట్టమొదట చెయ్యవలసినది" అన్నదగ్గర ఆగిపోయింది. స్నేహితుడంటే మనలాంటి క్వేకరే. నీ దగ్గర ఆ పేజీ ఉంటే పంపు. తొందరేం లేదు, ప్రస్తుతానికి ఆ పేజీ లేకుండానే నడుస్తోంది.


దలా
జూన్ 5, గురువారం

సూరికి ఆశీస్సులు,

నీ ఉత్తరం తులసమ్మ అరటిగెలల మధ్య దాచుకుని పడవ మీద ఏరు దాటించి తెచ్చింది. రెండుసార్లు చదివాను. నన్ను నువ్వు అనేవాళ్ళంతా పోయి పదేళ్ళయింది. అలాగే రాస్తూ ఉండు.

పదకొండూ ఏడుకి నేను చెయ్యి చాపడానికి ఒక కారణం ఉంది. అది నా సొంత సంగతి అయితే ఈపాటికి చెప్పేదాన్ని. ఇంకొకరిది. ఎవరికీ చెప్పవద్దని నా చేత మాట తీసుకున్నారు. గది సంగతీ అంతే. కొంచెం ఓపిక పట్టు. నీ నోరు మూయించాలని మాత్రం కాదు. నీ మాటల్లో న్యాయం ఉంది. కాకపోతే నువ్వు లేవగానే లింగరాజు చెవిమిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నీ న్యాయం అతని దాకా చేరలేదు.

మీ నాయనమ్మ చిలకమ్మని అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
సుధామణి

తా.క.: వచ్చే ఆదివారం దళసరి మేజోళ్ళు తొడుక్కుని రా. ఇది వానాకాలమనీ, మన ఊళ్ళో మేజోళ్ళు ఎవరూ వేసుకోరనీ నాకు తెలుసు. అయినా తొడుక్కుని రా.


అహ్లోన్
జూన్ 6, శుక్రవారం

సుధామణికి,

మేజోళ్ళా?

నేను న్యాయం అడిగితే నువ్వు మేజోళ్ళు తొడుక్కోమంటావా? ఎగతాళి చేస్తున్నావు. సరే. రహస్యమట! ఇంకొకరి సంగతట! ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలియదనుకున్నావా? చంద్రరావే. ఇద్దరూ కలిసి గది తలుపు వెనకాల మాట్లాడుకుని, తలుపు ముందు మమ్మల్ని మౌనంగా ఆలోచించమన్నారు.

నిజం చెప్పడం అంటే ఏమిటో నన్ను అడుగు. నేను పనిచేసే ఇన్వర్టర్ల షాపులో రోజూ చెబుతున్నాను. కరెంటు రోజుకి ఎన్ని గంటలు ఉంటుందో తెలియని ఊళ్ళో ఇన్వర్టరు చెడిపోతే జనం ప్రాణం పోయినట్టు వస్తారు. "ఎప్పుడవుద్ది?" అని అడుగుతారు. ప్రపంచంలో రిపేరు షాపులన్నీ దీనికి చెప్పే జవాబు ఒకటే, "రేపు రండి". నేను అలా అనను. "తెలీదు. పార్టు దొరకలేదు. బహుశా అవదు" అంటాను. నిన్న ఒక పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఓనరు కృష్ణకుమార్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే, రేపు రమ్మని సెప్పడానికి నీకేటిరా నొప్పి? ఆల్లకీ తెలుసు అవదని. నాకూ తెలుసు. నీకొక్కడికేటి?"

"అది అబద్ధం."

"అబద్దం కాదురా, మర్యాద!"

ఈ మర్యాదే నువ్వూ నాతో చేస్తున్నావు సుధామణీ. నాకు మర్యాద వద్దు. నిజం కావాలి. చెప్పనంటున్నావు కనుక నేను పోరాటం ప్రకటిస్తున్నాను. వచ్చే ఆదివారం కూటానికి వస్తాను. పదింటినుంచి పదకొండింటిదాకా ఒక్క మాట మాట్లాడను. నిన్ను చూడను. కదలను. బిగుసుకుని కూచుంటాను. అది నా నిరసన. నా మౌనం నీకు వినిపించి తీరాలి.

హెచ్చరికతో,
సూరి

తా.క.: మేజోళ్ళు తొడుక్కోను.

ఇంకో తా.క.: ఇంట్లోనూ నాకు పోరాటమే. "దేవుడి దగ్గర గంటసేపు కూకుని ఏటీ అడక్కండా వొచ్చీడమేట్రా? మరెందుకెల్లినట్టు?" అని మా నాయనమ్మ వారానికోసారి అడుగుతుంది. దానికి ఏ కరపత్రంలోనూ జవాబు లేదు.


దలా
జూన్ 9, సోమవారం

సూరికి ఆశీస్సులు,

నిన్నటి నీ నిరసన కూటం అందరికీ ఎంతో నచ్చింది.

రెండేళ్ళుగా వస్తున్నావు కదా, ఇంత బాగా ఆరాధించడం ఎప్పుడూ చూడలేదని తులసమ్మ పడవలో తిరిగి వచ్చేటంతసేపూ అదే మాట. "గుంటడికి వొచ్చీసిందమ్మా, వెలుగొచ్చీసింది" అని కళ్ళు తుడుచుకుంది. నువ్వు నన్ను కాకుండా గోడని చూస్తూ కూచున్న తీరు చూసి, ఏదో లోతైన విషయం మీద ధ్యానం పెట్టావనుకుని లింగరాజు కూడా ఆ గోడనే చూశాడు. ఏమీ కనిపించలేదట. వచ్చే వారం మళ్ళీ ప్రయత్నిస్తానన్నాడు.

నీ కోపం తగ్గలేదని తెలుసు. అయినా కోపాన్ని ఎత్తుకుని గంటసేపు కదలకుండా కూచోవడం చిన్న పని కాదు. నాకు అది పట్టుబడడానికి పదిహేనేళ్ళు పట్టింది.

గది సంగతి ఇంకా చెప్పలేను. అడిగి చూశాను. ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు.

నీ మేలు కోరే
సుధామణి

తా.క.: నా దగ్గరున్న నాలుగో కరపత్రంలోనూ ఆ చివరి పేజీ లేదు. అవసరమైన వాళ్ళెవరో చింపుకుపోయి ఉంటారు.


అహ్లోన్
జూన్ 11, బుధవారం

సుధామణికి,

నేను మిమ్మల్ని ఎదిరిస్తే మీరు నన్ను మెచ్చుకుంటారా?

ప్రపంచంలో ఎక్కడైనా నిరసన చేసినవాడిని కొడతారు, తిడతారు, కనీసం బయటికి పొమ్మంటారు. మీరు కళ్ళు తుడుచుకుంటారు! మీతో ఎలా పోట్లాడాలో కరపత్రాలు రాసినవాళ్ళు ఎవరూ రాయలేదు. రాసి ఉండాల్సింది.

నెలాఖరుకి ఇంకా పంతొమ్మిది రోజులే. మన గది పోతోంది. దాని గురించి నలుగురిలో మాట్లాడేది నేనొక్కణ్ణే. అది కూడా మీకు ఆరాధనలాగే కనిపిస్తే ఇంక మాటలతో పనిలేదు. వచ్చే ఆదివారం నేను రావడం లేదు. బహిష్కరిస్తున్నాను. ఖాళీగా ఉన్న నా బెంచీని చూసి ఆలోచించుకోండి.

సూరి

తా.క.: ఈసారి సంతకం ముందు శాంతి రాయలేదు. కావాలనే.


దలా
జూన్ 15, ఆదివారం

సూరికి ఆశీస్సులు,

ఇవాళ నువ్వు రాలేదు. ఒంట్లో బాగులేదేమోనని అందరం కంగారుపడ్డాం. నువ్వు పంపిన ఉత్తరం ఒకటి నాకు అందనేలేదని ఇప్పుడే తెలిసింది. తులసమ్మ దాన్ని గెలల కింద పెట్టి మరిచిపోయింది. అరటిజిగురుకి అతుక్కుపోయిన దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి విడదీస్తున్నాను. "మెచ్చుకుంటారా" అన్నదాకా వచ్చింది. సంతోషం.

కూటానికి రాని స్నేహితుడి దగ్గరికి ఇద్దరు వెళ్ళి కాసేపు కూచుని రావడం మన పద్ధతి. తులసమ్మా లింగరాజూ వస్తున్నారు. చేపల పులుసు పంపుతున్నాను. జ్వరమైతే ముక్కలు తినకు, పులుసు మాత్రం తాగు.

నీ మేలు కోరే
సుధామణి


అహ్లోన్
జూన్ 17, మంగళవారం

సుధామణికి,

విచారణ సంఘాన్ని పంపావు. చాలా బాగుంది.

జరిగింది విను. మొన్న మధ్యాహ్నం మూడింటికి వాళ్ళిద్దరూ మా గదిలోకి వచ్చి, పులుసుగిన్నె చాప మీద పెట్టి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఎందుకొచ్చారని నేను అడగలేదు. అడిగితే నేను ఓడినట్టు. వాళ్ళూ చెప్పలేదు. చెప్పకపోవడం వాళ్ళ భక్తి. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మా నాయనమ్మ ఒకసారి వాళ్ళ మొహాలు చూసింది, ఒకసారి నా మొహం చూసింది.

"ఏటైందిరా? ఎవులైనా పోనారేటి?"

ఎవరూ పలకలేదు. లింగరాజుకి వినిపించలేదు. తులసమ్మ నిట్టూర్చింది. అంతే! మా నాయనమ్మ గుండెలు బాదుకుని "ఓలమ్మో, నా తమ్ముడో" అని మొదలుపెట్టింది. ఆవిడ తమ్ముడు పెగూలో ఉన్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. మెట్లమీద చప్పుడైంది. మేడ మీదవాళ్ళూ కింద ఇంటివాళ్ళూ పదకొండుమంది వచ్చేశారు. ఒక బర్మా ఆవిడ నాయనమ్మ వీపు రాస్తూ కూచుంది. ఎవరు పోయారో అడగడం బాగుండదని ఎవరూ అడగలేదు. అందరూ చాప మీద సద్దుకుని తలలు వంచుకుని అరగంట నిశ్శబ్దంగా కూచున్నారు. అహ్లోన్‌లో ఇంత పెద్ద క్వేకర్ కూటం ఇంతకుముందు జరిగి ఉండదు. తర్వాత పులుసు అందరూ తిన్నారు.

పులుసు బాగుంది. అది వేరే సంగతి.

ఇంక నా చివరి అస్త్రం తీస్తున్నాను. మాట్లాడితే చెయ్యి కలిపి ఆపావు. మౌనంగా ఉంటే మెచ్చుకున్నావు. మానేస్తే పులుసు పంపావు. కానీ ఒక్కటి నీ చేతిలో లేదు. నా చెయ్యి. నలుగురి చేతులూ కలిస్తేనే కూటం ముగుస్తుంది. అది నువ్వే పెట్టిన ఆచారం. ఈ ఆదివారం నేను చెయ్యి ఇవ్వను. గది ఎందుకు పోతోందో, నీ రహస్యం ఏమిటో చెప్పేదాకా రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని కూచుంటాను. కూటం ముగియదు. ముగియని కూటాన్ని ఎవడు ఖాళీ చేయిస్తాడో చూస్తాను. నెలాఖరు దాకా అయినా సరే.

సూరి

తా.క.: మీకు సమ్మతమైతే ఎవరెవరు అన్నం తెచ్చుకోవాలో ముందే అనుకుందాం. నేను మాత్రం తెచ్చుకోను. అది నా నిరసనలో భాగం.


దలా
జూన్ 23, సోమవారం

సూరికి,

నిన్నటి కూటం మినిట్సు రాస్తూ ఈ ఉత్తరం కూడా రాస్తున్నాను. ముందుగా జరిగింది, ఆ తర్వాత నా తప్పు.

పదకొండింటికి చేతులు చాపాం. నువ్వు ఇవ్వలేదు. సరే, ఇతని లోపల పని ఇంకా అవలేదనుకుని మళ్ళీ కూచున్నాం. పదకొండుంపావుకి చంద్రరావు మెట్లెక్కి వచ్చాడు. నాతో మాట ఉందని వచ్చినవాడు, మనం కళ్ళు మూసుకుని ఉండడం చూసి మొహమాటపడి, అయ్యాక మాట్లాడదామని చివరి బెంచీ మీద కూచున్నాడు. పన్నెండయింది. తులసమ్మ పళ్ళు ఎవరూ కొనేవాళ్ళు లేక మెట్ల కింద మగ్గిపోయాయి. ఇదేదో పండగ కూటమనుకుని లింగరాజు హాయిగా ఉన్నాడు. ఒంటిగంటకి నీ కడుపులో ఉరిమింది. ఒకటిన్నరకి నువ్వు నిద్రపోయావు. నీ తల వాలిపోవడం చూసి కళ్ళు తిరిగాయేమోనని లింగరాజు నాడి చూడ్డానికి నీ చెయ్యి లాగి పట్టుకున్నాడు. నాడి కోసం పట్టుకున్న చెయ్యి, కలిపిన చెయ్యి కిందికి వస్తుందా రాదా అన్నది మినిట్సులో ఎలా రాయాలో నాకు తెలియలేదు. "కూటం ఒంటిగంట నలభైకి ముగిసింది, దేవుడి దయవల్ల" అని రాశాను.

ఇప్పుడు నా తప్పు.

చంద్రరావు చెల్లెలు రాజ్యం మండలేలో ఉండేది. మార్చి భూకంపంలో ఆమె ఇల్లు పడిపోయింది. మొగుడు అంతకుముందే లేడు. ఇద్దరు ఆడపిల్లలతో ఇక్కడికి వచ్చి, మన గది కిందనే, ఎండుమిరపకాయల బస్తాల మధ్య ఉంటోంది. ఆ ఘాటుకి పిల్లలు ఒకటే దగ్గు. "ఇల్లు పోయి వచ్చిందని నలుగురూ నన్ను వింతగా చూస్తారు, చెప్పకండి" అని ఆమె నా చేత మాట తీసుకుంది. ఆ దగ్గు వినలేక, "మా మేడగది తీసుకోండి, నెలాఖరుకి బెంచీలు తీసేస్తాం" అని చంద్రరావుకి నేనే మాటిచ్చాను. అతను అడగలేదు. నేనే ఇచ్చాను.

మన కూటంలో ఓట్లు లేవు, ఒక్కరు కాదన్నా ఆగాలి. నేను ఎవరినీ అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో క్లర్కుగా నేను చేసిన పెద్ద తప్పు అది. నువ్వు అన్యాయం అన్నావు. అన్యాయమే. నువ్వనుకున్నది కాదు, అంతే తేడా.

ఇంకొకటి. జూన్ ఒకటిన నువ్వు మడమతో తన్నినప్పుడు కింద పిల్లలు మళ్ళీ భూకంపం వచ్చిందనుకుని వీధిలోకి పరుగెత్తారు. కిటికీలోంచి నాకు కనిపించారు. చిన్నది చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. అందుకే చెయ్యి చాపాను. అందుకే మేజోళ్ళు అడిగాను.

నిన్న చంద్రరావు వచ్చింది రాజ్యం ఇప్పుడు నీకు చెప్పమందని చెప్పడానికి. నువ్వొకసారి కిందికి వెళ్ళి ఆమెని చూడు. తర్వాత నీ మాట చెప్పు. నువ్వు కాదంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఎంత సిగ్గయినా సరే.

సుధామణి

తా.క.: చంద్రరావుకి బీపీ. రెండున్నర గంటలు కదలకుండా కూచుని ఇంటికెళ్ళి చూసుకుంటే బాగా తగ్గిందట. ప్రతి ఆదివారం అంతసేపూ ఉంటుందా అని కబురు పెట్టాడు.


అహ్లోన్
జూన్ 25, బుధవారం

సుధామణికి,

నాకు మహా కోపంగా ఉంది. ముందు నీ మీద వచ్చింది, తర్వాత చంద్రరావు మీదికి మళ్ళింది, చివరికి ఇంకెవరూ దొరక్క నా మీదికే వచ్చి కూచుంది. అక్కణ్ణించి కదలడం లేదు.

నిన్న సాయంత్రం షాపు నుంచి సరాసరి గోదాంకి వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే ఏడు తుమ్ములు. బస్తాలు కప్పుదాకా ఉన్నాయి. గుమ్మం పక్కనే ఒక చాప. పెద్దమ్మాయి గోడవైపు తిరిగి పుస్తకం చదువుకుంటోంది. చిన్నది, అమ్ములు, చెప్పులతోనే పడుకుని ఉంది. ఎప్పుడు పరిగెత్తాల్సి వస్తుందోనని అలాగే పడుకుంటుందట. సుధామణీ, నేను శాంతి గురించి రెండేళ్ళుగా పదకొండు కరపత్రాలు చదివాను. ఆ చెప్పుల గురించి ఒక్కదాంట్లోనూ లేదు.

రాజ్యం నన్ను చూసి కాదు, నా తుమ్ములోని గొంతు విని గుర్తుపట్టింది.

"ఓహో, మేడ మీద శవం నువ్వేనా బాబూ?"

ఔనని తల ఊపాను. ఎనిమిదో తుమ్ము వచ్చింది.

"ఆరోజు మా అమ్ములు ఒకటే ఏడుపు. ఎవులో సచ్చిపోతానంటన్నాడమ్మా, ఎల్లి ఆపమ్మా అని. ఆపడానికి నానెవుల్ని? నీ గొంతు సూత్తే ఇప్పట్లో సచ్చేలా లేదు."

క్షమించమన్నాను. ఆవిడ వినిపించుకోలేదు, టీ పెట్టింది. ఆ ఘాటులో టీ తాగుతూ ఏడ్చాను. మిరపకాయల వల్లనే అనుకున్నారు, నేనూ కాదనలేదు. అప్పుడు చెప్పాను, గది మీకే, నేను అడ్డం రాను, ఆదివారమే బెంచీలు తీసేస్తాం అని. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"మేడ మీదకా? నానెందుకెక్కుతాను?"

"మరి... మీకోసమే కదా గది..."

"ఎవులు సెప్పినారు? మా అన్న సెప్పినాడు, టీచరమ్మ సెప్పినాది, ఇప్పుడు నువ్వూ సెప్తన్నావు. నన్నెవులైనా అడిగినారా? మండలేలో మాది మేడే బాబూ. ఊగిందంటే మెట్లుండవు. ఈ గుంటల్ని ఏ కిటికీలోంచి గెంటీమంటావు? నాకు నేల కావాలి. గుమ్మం పక్కన కావాలి. ఈ మిరపకాయలు ఎటైనా తీయించండి సాలు. మా అన్నకి సెప్పడానికి మొగమాటం, ఉండనిచ్చినోడికి సరుకు తీయమని ఏ మొకంతో సెప్తాను?"

అదీ సంగతి. నువ్వు ఆవిణ్ణి అడక్కుండా గది ఇచ్చావు. చంద్రరావు ఆవిణ్ణి అడక్కుండా పుచ్చుకున్నాడు. నేను ఆవిడెవరో తెలియకుండానే ఆవిడతో నెల్లాళ్ళు యుద్ధం చేశాను. గంటలకొద్దీ నోరు మూసుకుని వినడమే మతం అనుకున్న మనం నలుగురం, సరిగ్గా మన కాళ్ళ కింద ఉన్న మనిషిని ఒక్క ముక్క అడగలేదు. దీనికి కోపం రాకపోతే ఇంక దేనికొస్తుంది?

వెంటనే చంద్రరావు దగ్గరికి వెళ్ళాను. "చంద్రరావూ, నువ్వు..." అని మొదలుపెట్టేసరికి "అరవకు నాయినా, ఇప్పుడే బీపీ దిగింది" అన్నాడు. ఇద్దరం కూచుని తేల్చుకున్నాం. బస్తాలు మేడ మీదికి ఎక్కుతాయి. ఎండుమిరపకాయలు కాబట్టి బరువు లేదు, ఒకటి మోసి చూశాను, మా నాయనమ్మ సంచికంటే తేలిక. కప్పుదాకా పేర్చకుండా గోడల వెంబడి నడుమెత్తు వరుసలో సర్దుతాం. గోదాం అంతా రాజ్యానిది. వీధివైపు ఒక కిటికీ కోయిస్తానన్నాడు.

మన నాలుగు బెంచీలూ బస్తాల మధ్య ఉంటాయి. ఇకమీద మనది తుమ్ముల మధ్య మౌనం. నా శవం మీంచే రావాలన్న గదిలోకి మిరపకాయల్ని నేనే ఆహ్వానించి వచ్చాను. కానీ మాట ఇవ్వలేదు. "మా వాళ్ళని అడిగి చెబుతాను" అన్నాను. రాత్రికి లింగరాజుని అడిగాను, మిషను చెవిలో పెట్టించి మరీ అడిగాను. సరేనన్నాడు. పొద్దున్న రేవులో తులసమ్మని అడిగాను. "ఇది ముందే సేసుంటే నా పళ్ళు మగ్గిపోయీవి కావు" అంది. అది సరేనన్నట్టే. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను సుధామణీ. అడగడం అంటే ఇలాగే ఉంటుంది. నువ్వు కాదంటే ఆగుతాను. ఒక్క ముక్క రాసి తులసమ్మ చేత పంపు.

నువ్వు చేసింది తప్పే. నేను తన్నిన నాలుగు తన్నులూ తప్పే. రెండూ మినిట్సులో పక్కపక్కనే రాయి. దగ్గు వినలేక మాటిచ్చానన్నావు చూడు, అది కూడా రాయి. అది చదివాక నీ మీద కోపం నిలబెట్టుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

ఇంకా కోపంగానే,
సూరి

తా.క.: సరే అంటే ఇది ఆదివారంలోపే అందరికీ చదివి వినిపించు, గుమ్మానికి కూడా అంటించు.

స్నేహితులారా! ముప్పై ఎనిమిది బస్తాలున్నాయి, పదహారు మెట్లున్నాయి. కరవోకీ లేదు, కుట్ర లేదు, పొరపాటు మనది. తులసమ్మ కిందనించి అందిస్తుంది, లింగరాజు మెట్ల మలుపులో, నేనూ చంద్రరావూ పైన, సుధామణి అమ్ములు పక్కన. మా నాయనమ్మా, మొన్న మా చాప మీద కూచుని పులుసు తిన్న పదకొండుమందీ కూడా వస్తామన్నారు. మెట్ల మీద మెల్లగా నడవాలి, ఎవరూ నేల అదరనివ్వకూడదు. ముక్కుకి కట్టుకోవడానికి తడిగుడ్డ తెచ్చుకోండి. జూన్ 29, ఆదివారం, పొద్దున్న సరిగ్గా ఆరు గంటలకి, అహ్లోన్ మిరపకాయల గోదాం గుమ్మం దగ్గరికి అందరూ రండి!